ఒక్క బస్తా ఎక్కువ

ఉయ్యూరు దగ్గర, పుల్లేరు కాలువ కింద ఒక ఆసామికి నాలుగెకరాల మాగాణి ఉండేది. నల్లరేగడి నేల. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయి కాలువల్లో నీళ్లు పారినప్పటి నుంచి ఆ చుట్టుపక్కల ఊళ్లకు వరే బతుకయింది. 1957లో పాత ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆసామి తాత ఆ పొలంలో వరి పండించాడు. తండ్రి కొన్నేళ్లు చెరకు వేసి ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీకి తోలాడు, ఆ తర్వాత మళ్లీ వరికే వచ్చాడు. ఆసామి మాత్రం వ్యవసాయం చెయ్యలేదు. బెజవాడలో ఇల్లు కట్టుకుని అక్కడే స్థిరపడి, పొలాన్ని కౌలుకిచ్చాడు.

కౌలంతా నోటిమాట మీదే నడిచేది. గడువు ఏడాది. కాగితం మీద పేరు పడితే పొలం చేజారుతుందని ఆసామికి భయం. కౌలు చట్టం 1956 నుంచీ ఉందనీ, కౌలు గడువు ఆరేళ్లకు తగ్గకూడదని అందులో ఉందనీ ఎవరో చెప్పగా విన్నాడు. అప్పటి నుంచి సంతకమంటేనే దూరం జరిగాడు. తర్వాత కొత్త చట్టం వచ్చి, యజమాని హక్కుకు ఏ ఇబ్బందీ లేకుండా కౌలుదారుకు పదకొండు నెలల సాగు పత్రం ఇస్తామన్నా ఆయన మనసు మారలేదు. ఆయన లెక్క చాలా సులువు. ఉగాదికి ముందు ఎవరు ఎక్కువ ఇస్తామంటే పొలం వాళ్లది. మరుసటి ఉగాదికి మళ్లీ కొత్త మాట.

అలా ఒక ఏడు ఆ పొలం ఒక కౌలు రైతు చేతికొచ్చింది. అతనికి సొంత భూమి సెంటు కూడా లేదు. రెండు గేదెలు, ఓర్పుగల భార్య, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నాయి. ఎకరానికి 20 బస్తాల కౌలుకు ఒప్పుకున్నాడు. సాగు పత్రం లేదు కనుక బ్యాంకు అప్పివ్వలేదు. బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి పెట్టుబడి తెచ్చుకున్నాడు.

ఏరువాకకు ముందే భార్యాభర్తలిద్దరూ పొలమంతా తిరిగి చూశారు. పలుగు వేస్తే పైన జానెడు దిగి, కింద బండకు తగిలినట్టు ఆగిపోయింది. ఏళ్ల తరబడి దమ్ము చేసీ చేసీ కింద మట్టి గట్టిపడి పెచ్చు కట్టింది. గడ్డి తగలబెట్టిన మసి అక్కడక్కడా కనిపించింది. పల్లపు మూల మురుగు బోదె పూడిపోయి, నేల తెల్లగా చౌడు తేలుతోంది. తవ్విన చోట ఒక్క వానపామూ కనిపించలేదు.

అతను మట్టి పరీక్ష చేయించాలనుకున్నాడు. గట్లకు, చెట్లకు, పెంటపోగులకు దూరంగా పది చోట్ల, ఇంగ్లీషు వీ అక్షరం ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, పక్క గోడ నుంచి పై నుంచి కింద దాకా పల్చటి పొరగా మట్టి చెక్కి తీశాడు. అదంతా గోనె మీద పోసి నీడలో ఆరబెట్టాడు. నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు తీసేస్తూ, అరకిలో మిగిలే దాకా వచ్చాక గుడ్డ సంచిలో కట్టి వ్యవసాయ శాఖ వాళ్లకు ఇచ్చాడు. కొన్నాళ్లకు ఫలితం వచ్చింది. సేంద్రియ కర్బనం 0.4 శాతం. అర శాతం కంటే తక్కువ ఉంటే అది ఆకలితో ఉన్న నేల కింద లెక్క. భాస్వరం మాత్రం అవసరానికి మించి ఉంది, ఏటా అలవాటు కొద్దీ వేసిన డీఏపీ పేరుకుపోయింది. ఆ భాస్వరం ఎక్కువైనందువల్లే జింకు మొక్కకు అందడం లేదు. ఆ పొలంలో ఏటా ఊడ్చిన మూడు వారాలకు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు ఎందుకొస్తున్నాయో ఆ కాగితంతో తేలిపోయింది.

ఆ రాత్రి ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకున్నారు. చెయ్యాల్సిన పనులు చాలా ఉన్నాయి. జీలుగ చల్లాలి, మురుగు బోదె తవ్వాలి, పెంట తోలాలి, ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు వెయ్యాలి. ఖర్చంతా ఈ ఏడే పెట్టాలి. దాని ఫలితం మాత్రం వచ్చే ఏడు కొంత, ఆపై ఏడు కొంత వస్తుంది. వాళ్ల చేతిలో ఉన్నది ఒక్క ఏడు. అయినా ఇద్దరికీ చేతులూరుకోలేదు. ఆకలిగా ఉన్న పొలాన్ని అలాగే వదిలి పంట మాత్రం తీసుకోవడం వాళ్లకు అలవాటు లేదు.

తొలకరి పడగానే ఎకరానికి పది కిలోల చొప్పున జీలుగ చల్లారు. నలభై అయిదు రోజులకు అది నడుము ఎత్తు పెరిగి పూతకొచ్చింది. ఒక మొక్క పీకి చూస్తే వేళ్ల నిండా ఆవగింజంత, పెసరగింజంత బుడిపెలు. గాలిలోని నత్రజనిని పట్టి దాచిపెట్టేవి అవే. గిల్లితే లోపల ఎర్రగా ఉంది, అంటే అవి పని చేస్తున్నట్టే. పూత మీదున్న జీలుగను అలాగే కలియదున్ని, నీళ్లు పెట్టి, వారం పైగా మురగనిచ్చి, ఆ తర్వాత దమ్ము చేసి ఊడ్చారు. చుట్టూ అందరి ఊడ్పులూ అప్పటికి పది రోజుల కిందటే అయిపోయాయి. పల్లపు మూల బోదెను కూలీలకు ఇవ్వకుండా ఇద్దరే తవ్వారు. డీఏపీ మానేశారు. యూరియా ఒక్కసారే గుమ్మరించకుండా మూడు దఫాలుగా వేశారు.

నవంబరు చివర్లో, వరి కోతకు నాలుగు రోజుల ముందు, బురద పదును మీద ఉండగానే మినుములు చల్లారు. యంత్రం బరువుకు మొలక నలిగిపోతుందని కొడవళ్లతోనే కోయించారు. కుప్ప నూర్చి చూస్తే ఎకరానికి 27 బస్తాలు తేలాయి. పక్క పొలాల్లో 30 పండాయి. కౌలు 20 కొలిచి, అప్పుకు వడ్డీ కట్టాక ఇంటికి వచ్చింది తిండిగింజలే. మినుములు కాస్త ఆదుకున్నాయి. ఊళ్లో వాళ్లు జీలుగ పిచ్చి అని చెప్పుకున్నారు.

పంట తక్కువ పండిన పొలం గనుక ఆ ఉగాదికి వేరెవరూ అడగలేదు. అలా రెండో ఏడూ అతనికే మిగిలింది. అతను గడ్డి కొంత గేదెలకు తోలి, మిగిలిన మోళ్లనూ మినుము కట్టెనూ నేలలోనే కలిపాడు. ఒక టన్ను వరిగడ్డి తగలబెడితే దానితో పాటు అయిదున్నర కిలోల నత్రజని, రెండు కిలోల పైన భాస్వరం, పాతిక కిలోల పొటాష్ పోతాయని వ్యవసాయాధికారి చెప్పింది అతను మర్చిపోలేదు. మళ్లీ జీలుగ చల్లాడు. ఆ ఏడు 31 బస్తాలు పండింది. మూడో ఏడు 35. యూరియా ఎకరానికి ఒక బస్తా తగ్గింది. పలుగు రెండు జానల లోతు దిగింది. పొద్దున్నే గట్టు మీద నుంచి చూస్తే వానపాములు తోడిపోసిన మట్టి చిన్న చిన్న కుప్పలుగా కనిపించేది. మూలన చౌడు తెలుపు మాయమైంది. తొలి ఏటి అప్పు అప్పటికింకా తీరలేదు. నాలుగో ఏటి పంటతో తీరిపోతుందని ఇద్దరూ అనుకున్నారు.

ఆ పంటను రోడ్డు మీద పోతూ మరో రైతు చూశాడు. అతను నేరుగా బెజవాడ వెళ్లి, ఎకరానికి ఒక్క బస్తా ఎక్కువ ఇస్తానని చెప్పి, అడ్వాన్సు చేతిలో పెట్టాడు. ఆసామి పుచ్చుకున్నాడు. మొదటి కౌలుదారుకు సంగతి తెలిసేసరికి మాట అయిపోయింది. అతను గొడవ పడలేదు. పారలు, గొర్రు, ఎరువు గంపలు బండిలో వేసుకున్నాడు. మూడేళ్ల జీలుగ, మూడేళ్ల పెంట మట్టిలోనే ఉండిపోయాయి. అవి బండికెక్కేవి కావు.

రెండో కౌలుదారు చెడ్డవాడు కాదు. అతనూ పిల్లలున్నవాడే, అతనికీ ఒక్క ఏడే గడువు. 21 బస్తాలు కట్టాక మిగలాలంటే రెండో పంట గట్టిగా రావాలి. మినుములు మానేసి మొక్కజొన్న వేశాడు. అది బలంగా తినే పంట. రెండు పంటల మధ్య వ్యవధి లేక గడ్డి తగలబెట్టాడు. జీలుగ విత్తనం ఖర్చు తనది, బలం వచ్చే ఏడు ఎవరిదో అని వదిలేశాడు. ఆ ఏడు వరి 35 బస్తాలు పండింది, మొక్కజొన్న కూడా బాగా వచ్చింది. జీలుగ లేకపోయినా పంట తగ్గలేదని ఊరంతా చూసింది. ఆసామి తను చేసింది సరైన పనేనని నిశ్చింతగా ఉన్నాడు.

పై ఏడు ఇంకొకరు వచ్చి 22 బస్తాలన్నారు. పొలం వాళ్ల చేతికి పోయింది. మళ్లీ మొక్కజొన్న, మళ్లీ నిప్పు. వరి 32 అయింది. ఆ పై ఏడు వేరొకరు 23 అన్నారు. తగ్గిన దిగుబడిని యూరియాతో నిలబెట్టబోయారు. పైరు ముదురాకుపచ్చగా ఏపుగా పెరిగి, కాండం మెత్తబడి, దోమపోటు తగిలింది. మందులు కొట్టీ కొట్టీ చివరికి 28కి వచ్చారు. బోదెలో తుంగ పెరిగింది. దాన్ని తవ్వించాలంటే ఒక్కరోజు పని కాదు. ఒక్క ఏటి మనిషికి ఆ కూలీ ఎందుకు దండగనిపించింది. ఎవరికి వారు తమ ఏడాదిని సరిగ్గానే లెక్కేసుకున్నారు. ఎవరి లెక్కలోనూ తప్పు లేదు.

నాలుగో ఏడు ఇంకో కొత్త మనిషి 24కి ఒప్పుకున్నాడు. ఆ నవంబరు ఆఖర్న, కంకులు పండి కోతకు సిద్ధంగా ఉన్న వేళ తుపాను పట్టింది. రెండు రోజులు వాన ఆగలేదు. యూరియా మీద పెరిగిన పైరు మొదటి గాలికే చాపలా పరుచుకుంది. బోదె పూడిపోవడంతో నీళ్లు కదల్లేదు, కింది పెచ్చు వల్ల ఇంకిపోనూ లేదు. అయిదు రోజులు నిలిచి ఉన్నాయి. కంకుల మీదే గింజ మొలకెత్తింది. ఎకరానికి 17 బస్తాలు తేలాయి, అవీ రంగు మారినవి. ఆ కౌలుదారు ఉన్నదంతా కొలిచిపెట్టి, మిగిలింది బాకీ పడి, ఉయ్యూరు వదిలి పనికి వెళ్లిపోయాడు.

ఆ ఉగాదికి ఆసామి గడప ఎవరూ తొక్కలేదు. కౌలు కొన్ని బస్తాలు తగ్గించినా ఎవరూ కదల్లేదు. మూల చౌడు మళ్లీ తేలిందని అందరికీ తెలుసు. ఆసామి ముందు విత్తనాన్ని తప్పుపట్టాడు, తర్వాత ఎరువుల కొట్టును, తర్వాత ఆకాశాన్ని. చివరికి ఒకప్పుడు 35 బస్తాలు పండించిన మనిషి గుర్తొచ్చి, వెతుక్కుంటూ వెళ్లాడు.

ఆ మొదటి కౌలుదారు రెండూళ్ల అవతల ఒక వృద్ధురాలి మూడెకరాలు చేస్తున్నాడు. ఏటా కొత్త మనిషితో బేరమాడే ఓపిక లేక ఆమె ఆరేళ్లకు కాగితం రాసి ఇచ్చింది. ఆ కాగితం చూపించి సాగు పత్రం తెచ్చుకున్నాడు, బ్యాంకులో పంట రుణం కూడా అందింది. అదే తుపాను అక్కడా పట్టింది. అక్కడ కూడా పైరు వంగింది, కానీ కంకులు నీళ్లలో పడలేదు. మర్నాటి సాయంత్రానికి నీళ్లు బోదె పట్టాయి. ఎకరానికి 29 బస్తాలు దక్కాయని ఆసామి ఊళ్లో విన్నాడు.

ఆసామి తన పొలం మళ్లీ చెయ్యమని అడిగాడు. ఎకరానికి 20 బస్తాల పాత కౌలుకే ఇస్తానన్నాడు, కావాలంటే 18కైనా సరేనన్నాడు. కౌలుదారు ఔననలేదు, కాదనలేదు. భార్యను వెంటబెట్టుకుని ఆసామితో పాటు ఆ నాలుగెకరాలకు వెళ్లాడు. ఆమె పొలం నడిమి నుంచి గుడ్డంత మట్టిగడ్డ ఒకటి తీసింది. అదే పొలం గట్టు మీద, గరిక పెరిగిన చోట నుంచి అంతే గడ్డ ఇంకొకటి తీసింది. రెండింటినీ ఇంటికి తెచ్చి డాబా మీద మూడు రోజులు ఎండబెట్టింది.

నాలుగో రోజు ఆసామి వచ్చేసరికి అరుగు మీద రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు ఉన్నాయి. ఆమె ఒక్కో దానిలో ఒక్కో గడ్డ మెల్లగా జారవిడిచింది. పొలం నడిమి గడ్డ బుడగలు వదిలింది. అంచులు రాలాయి. చూస్తుండగానే పగిలి, పొడయి, గ్లాసు అడుగున బురదగా కూర్చుంది. పైన నీళ్లు కాఫీ రంగుకు తిరిగాయి. గట్టు గడ్డ మునిగి, రెండు మూడు బుడగలు వదిలి, అలాగే ఉండిపోయింది. సన్నటి గరిక వేళ్లు మట్టి రేణువులను పట్టుకుని ఉండటం గాజులోంచి కనిపించింది. గంట తర్వాత కూడా ఆ నీళ్లు అవతలి గోడ కనిపించేంత తేటగా ఉన్నాయి.

ఆసామి రెండు గ్లాసుల వంకా చాలాసేపు చూశాడు. రెండూ ఒకే పొలం మట్టి. రెండింటి మీదా అదే వాన, అదే ఎండ, అదే తుపాను. ఒకటి ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోనిది, గరిక వేరు కుళ్లి గరికకే ఎరువైనది. రెండోది నాలుగేళ్లలో నలుగురి చేతులు మారినది. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆసామి ఆ రాత్రి బెజవాడ వెళ్లకుండా ఊళ్లోనే ఆగిపోయాడు.

తెల్లారాక మళ్లీ వచ్చి, కౌలు 16 బస్తాలకు తగ్గిస్తానన్నాడు. కౌలుదారు ఆ తగ్గింపు అక్కర్లేదన్నాడు. తొలి రెండేళ్లు నేల కోలుకునే దాకా 18, ఆ పైన 20, చివరి రెండేళ్లు 22 కూడా కొలుస్తానన్నాడు. అతను అడిగింది ఒకటే: ఆరేళ్లకు కాగితం. అతను బస్తాలు అడగలేదని, ఏళ్లు అడిగాడని గ్రహించడానికి ఆసామికి కొంతసేపు పట్టింది. ఏ సంతకానికి ఇన్నేళ్లూ భయపడ్డాడో ఆ సంతకం ఆయన ఆ రోజు పెట్టాడు. పొలం హక్కు తనదే అని ఆ కాగితంలోనే రాసి ఉంది.

ఆ వేసవిలోనే బోదె తవ్వారు. ఆరేళ్ల గడువు ఉంది కనుక ఈసారి పని వరసగా చేసుకున్నారు. మొదటి ఏడు జీలుగ, పెంట. రెండో ఏడు జనుము. కోత తర్వాత మినుములు, ఒక ఏడు పెసలు. మూలన చౌడుకు జిప్సం వేసి, మంచినీళ్లు పెట్టి కడిగి, ఆ నీటిని బోదెలోకి వదిలారు. మూడేళ్లకు మళ్లీ మట్టి పరీక్ష చేయిస్తే సేంద్రియ కర్బనం అర శాతం దాటింది. ఆ పెరుగుదల చాలా చిన్నది, కానీ ఆ చుట్టుపక్కల అలా పెరిగింది ఆ ఒక్క చెక్కలోనే. నాలుగో ఏడు 33 బస్తాలు పండింది. గడువు ముగిసిన ఏడు, రోడ్డు మీద పోతూ పంటను చూసిన ఒకాయన బెజవాడ వెళ్లి ఎకరానికి ఒక్క బస్తా ఎక్కువ ఇస్తానన్నాడు. ఆసామి అతనికి మర్యాదగా కాఫీ ఇచ్చి పంపించి, పాత కౌలుదారుకే మరో ఆరేళ్లకు కాగితం రాశాడు.

నీతి: నేలకు పెట్టిన బలం పెట్టిన ఏడాదే చేతికి రాదు, అందుకే రేపు కూడా ఈ పొలంలో తనే ఉంటానన్న నమ్మకం ఉన్నవాడే నేలకు బలం పెడతాడు. ఏటా మనిషిని మార్చి ఒక్కో బస్తా ఎక్కువ పుచ్చుకునే ఆసామి ఆ బస్తాను తన మట్టిలోంచే తోడుకుంటున్నాడు. భూమి బాగుండాలని కోరేవాడు ముందుగా దున్నేవాడికి ఏళ్లు ఇవ్వాలి, ఆ ఏళ్లను అతను మట్టిగా మార్చి తిరిగి ఇస్తాడు.